అంచుదాకా వచ్చిన పాలు

మా ఇంట్లో నేను పర్యాటకుణ్ణి. ఈ మాట వేదాంత ధోరణిలో అనడం లేదు. మున్సిపాలిటీవారు గుండ్రటి ముద్ర వేసి మరీ ఇచ్చిన కాగితం నా దగ్గరుంది. గవ్వలరేవులో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటూ, ఇక్కడి ఐసు ఫ్యాక్టరీలో టైమ్‌కీపరుగా పనిచేస్తూ, ఇక్కడి ఉప్పుగాలికి రెండు సైకిళ్లు బలిచ్చుకున్న నన్నూ, మా ఆవిడ సత్యవేణినీ చట్టం విహారయాత్రకొచ్చిన జంటగా గుర్తించింది. పెళ్లయిన కొత్తలో కూడా మమ్మల్ని ఎవరూ అలా అనలేదు.

గవ్వలరేవు చిన్న ఊరు. ఎదురుగా సముద్రం, వెనక తాటితోపులు, మధ్యలో నాలుగు వీధులు, వాటిమీద ఒక మున్సిపాలిటీ. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఇసుక తెల్లగా ఉందని కనిపెట్టినవాళ్లెవరో అక్కడ రిసార్టు కట్టారు. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన మరోటి లేచాయి. అవి నిండిపోయాక జనం ఊళ్లోకి వచ్చారు. ఇంటి ఓనర్లు ‘టు లెట్’ బోర్డులు పీకేసి ‘మంచంమీద నుంచే సముద్రం కనబడును’ అనే బోర్డులు పెట్టారు. అద్దెకున్నవాళ్లు ఒక్కొక్కరే సామాను కట్టుకుని వెళ్లిపోయారు. మిగిలిన మేం, కుళాయి నీళ్లన్నీ టూరిస్టుల ఇళ్లకే పోతున్నాయనీ, పక్కింట్లో రోజూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు జరుగుతోందనీ మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాం. బుద్ధి గడ్డి తిని పెట్టుకున్నాం.

ఆ అర్జీ చదివి కమిషనర్ చక్రధరరావు గారు కదిలిపోయారు. ఆయన కదిలితే ఊరు కదలాల్సిందే. మమ్మల్నందర్నీ మీటింగు హాలుకి పిలిచి, “సమస్య యొక్క మూలములోనికి పోవలసి యున్నది,” అన్నారు. “ఏది నివాసము, ఏది విడిది? ఈ మౌలిక విభజన జరగనిదే నీటి పంపిణీపై ఒక్క చుక్క కూడా నిర్ణయము తీసుకొనజాలము.”

విభజన మొదలైంది. అద్దె అగ్రిమెంటు చూద్దామంటే వారానికి వచ్చినవాడి దగ్గర కూడా ఉంది. పొయ్యి వెలిగించి వండుకునేవాళ్లు నివాసులని తేల్చుదామంటే, మనవాళ్లు టూరుకి కుక్కరూ ఆవకాయా లేకుండా బయల్దేరరు. ఇంటిముందు ముగ్గు చూద్దామంటే ఓనర్లు పెయింటుతో వేయించేశారు. కమిషనర్ గారు నెలరోజులు తిండి సరిగా తినలేదని వాళ్ల డ్రైవరు చెప్పాడు.

ఆ నెలాఖర్లోనే ఆయన కొత్త క్వార్టర్సులో చేరారు. ఆయన భార్య పొయ్యిమీద గిన్నె పెట్టి పాలు పొంగించింది. పాలు పొర్లడం చూస్తూ ఆయన, “దొరికింది!” అని అరిచారట. ఇల్లు అనుకున్నవాడు చేరేముందు పాలు పొంగిస్తాడు. గది అనుకున్నవాడు ఏసీ రిమోటు అడుగుతాడు. ఇంతకన్నా తిరుగులేని తేడా ఏముంది? వారం తిరక్కుండా నోటీసుబోర్డుమీద ఉత్తర్వు వేలాడింది.

“ఇందుమూలముగా పురప్రజలకు తెలియజేయడమేమనగా, ప్రవేశ సమయమున పాలు పాత్ర అంచును దాటి పొర్లిన యెడల సదరు కట్టడము నివాసము. పొర్లని యెడల విడిది. విడిదియందున్నవారు పర్యాటకులు. పర్యాటకులు ఏకబిగిన మూడు రోజులకు మించి ఉండరాదు. ఉన్న యెడల సదరు కట్టడమునకు సీలు వేయబడును. ఇందుకు ఎట్టి మినహాయింపులు లేవు.”

ఆ ఆఖరి వాక్యం కమిషనర్ గారు స్వయంగా చేర్చారట.

మా ఇంటికి సర్వేకి వచ్చినాయన పేరు లింగమూర్తి. నిన్నటిదాకా దోమల విభాగంలో ఉండేవాడు, ఇప్పుడు పొంగు పరిశీలనాధికారి. మనిషి చెడ్డవాడు కాదు. ఫారంలో గడి ఉంటే దాన్ని నింపకుండా నిద్రపోలేడు, అంతే.

“ఈ వాటాలో ప్రవేశించిన దినమున పాలు పొంగినవా?” అని అడిగాడు.

“పొంగాయండీ,” అన్నాను నేను.

“పొర్లినవా?”

నేను పొర్లాయనే అనబోయాను. సత్యవేణికి అబద్ధం చెప్పడం రాదు. తొమ్మిదేళ్ల కాపురంలో నేను నేర్పలేకపోయిన విద్య అదొక్కటే.

“లేదండీ,” అంది. “వంటింటి కిటికీ సముద్రంవైపు ఉంది కదా. పాలు సరిగ్గా అంచుదాకా వచ్చేసరికి గాలి కొట్టి స్టవ్వు ఆరిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది. మా ఓనరు అత్త పక్కనే ఉండి, చాల్లే, అంచుదాకా వచ్చాయి కదా, సామాను లోపల పెట్టుకోండి అంది. పెట్టుకున్నాం.”

లింగమూర్తి జాలిగా తలూపి, ‘అంచు వరకు వచ్చినవి, పొర్లలేదు’ అని రాసుకున్నాడు. పక్క గడిలో ‘పర్యాటకులు, ఇద్దరు’ అని రాసి నాచేత సంతకం పెట్టించుకున్నాడు.

అత్త అంటే మా ఇంటి ఓనరు గున్నమ్మ. మేం మేడమీద వాటాలో ఉంటే, కింద వెనకవైపు ఆవిడ ఉంటుంది. ముందు వాటా ఖాళీ. టూరిస్టులకిస్తే మంచి బేరమని ఎందరు చెప్పినా, పొద్దుకో మొహం చూడలేనని ఇవ్వలేదు. ఎండుచేపల వ్యాపారం చేసి, ఇటుక మీద ఇటుక పేర్చుకుని కట్టుకున్న ఇల్లు. లింగమూర్తి ఆవిడ దగ్గరికి దిగాడు.

“మీరు ఈ గృహమున ప్రవేశించిన తేదీ?”

“నానీ ఇంట్లోకి రానేదు బాబూ. ఇక్కడే పుట్టినాను. అప్పుడిది తాటాకుల పాక. నాను పెరిగినాక గోడలు లేసినాయి.”

లింగమూర్తి కలం ఆగిపోయింది. ప్రవేశం లేని నివాసానికి ఆ ఫారంలో గడి లేదు.

“పోనీ, గోడలు లేచినప్పుడైనా పాలు పొంగించితిరా?”

“పాలా? మా ఇంట్లో పాలెవులు తాగీవోరు? వంజరం సేప పులుసెట్టి వీధందరికీ పోసినాను. అదైతే పొంగినాది, పొయ్యి సుట్టూ పొర్లినాది కూడాను.”

పులుసు పాలకిందికి వస్తుందా అని లింగమూర్తి ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాడు. రాదన్నారు. గున్నమ్మను ‘జన్మతః పర్యాటకురాలు’ అని రాశాడు.

పొర్లాయని చెప్పినవాళ్లకి కూడా, అధికారి చూడని పొంగు చెల్లదని సవరణ వచ్చి, ఊరంతా పర్యాటకులే అయ్యారు. అప్పట్నుంచి మా వీధికి కొత్త ఆచారం వచ్చింది. మూడు రోజులకొకసారి ఉదయం పదకొండింటికి అందరం ఇళ్లు ఖాళీ చేసి, సామానుతో సహా సముద్రం గోడమీద కూర్చునేవాళ్లం. లింగమూర్తి విజిలు వేసేవాడు. పన్నెండింటికి మళ్లీ విజిలు వేస్తే కొత్త పర్యాటకులుగా లోపలికి పోయేవాళ్లం. మొదట్లో అందరూ బీరువాలు కూడా మోశారు. తరవాత ఒక సంచీ, ఒక గిన్నె తెస్తే చాలని సవరణ వచ్చింది. గున్నమ్మ మాత్రం తను పుట్టిన చోటునుంచి లేచి వచ్చి కూర్చోవడానికి మొదటిరోజు ఒప్పుకోలేదు. సీలు వేస్తే మేడమీద వాటాకీ వేస్తారని చెప్తే, మా మొహం చూసి వచ్చింది. చాపమీద కూర్చుని తన ఇంటిని రోడ్డుమీద నుంచి చూస్తూ, “సున్నమెయ్యాల్రా దీనికి,” అని ఒక్కమాట అంది.

ఇంత బాధ ఎందుకు, మళ్లీ పాలు పొంగించుకుంటాం అని దరఖాస్తు పెట్టాను. అధికారి ఎదురుగా పొంగాలన్నారు, సరే. ప్రవేశ సమయంలోనే పొంగాలి కనుక ముందు ఖాళీ చేయాలన్నారు, ఎలాగూ చేస్తున్నాం. వరసలో మొదటివాళ్లం మేమే అయినా నాలుగు నెలల తరవాత తేదీ ఇచ్చారు.

“నాలుగు నెలలెందుకండీ? పాలు పొంగడానికి నాలుగు నిమిషాలు చాలు కదా,” అని లింగమూర్తిని అడిగాను.

“నేనొక్కణ్ణే ఉన్నానండీ. వారంలో ఆరు రోజులు రిసార్టుల దగ్గర స్పెషల్ కౌంటరు డ్యూటీ వేశారు,” అన్నాడు.

రిసార్టులవాళ్లు మనకన్నా చురుకు. ఉత్తర్వు చదవగానే ప్రతి గదిలో ఒక ఇత్తడి గిన్నె, అరలీటరు పాలు, చిన్న పొయ్యి పెట్టారు. గెస్టు తలుపు తీయగానే మెడలో దండ వేసి పాలు పొంగించేవారు. గెస్టులు ఫోటోలు తీసుకునేవారు, లింగమూర్తి ముద్ర కొట్టేవాడు. ఆ విధంగా శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం మధ్యాహ్నం వెళ్లే ప్రతివాడూ గవ్వలరేవు నివాసి అయిపోయాడు. నీళ్లు నివాసులకే కనుక కుళాయి నీళ్లు రిసార్టుల ఈతకొలనులకి మళ్లాయి. పాల కేంద్రంలో పాలు కూడా అటే పోయాయి. మేం టీ పొడితోనే టీ తాగడం అలవాటు చేసుకున్నాం.

వార్డు కమిటీలో నివాసులే ఉండాలని ఎప్పటినుంచో నిబంధన ఉంది. శనివారం మీటింగు పెట్టారు. పర్యాటకులు వెనక నిలబడి వినొచ్చన్నారు కనుక నేనూ గున్నమ్మా వెళ్లి నిలబడ్డాం. అధ్యక్షస్థానంలో ధనుంజయ్ అనే పెద్దమనిషి కూర్చున్నాడు. ముందురోజు సాయంత్రమే పాలు పొంగించిన నివాసి. చొక్కామీద కొబ్బరిచెట్లు, నెత్తిమీద నల్ల కళ్లద్దాలు.

“మన ఊరు ఏమైపోతోందో నాకు చాలా బాధగా ఉంది,” అని మొదలుపెట్టాడాయన. “ఈ బయటివాళ్లు ఎక్కువైపోయారు. తెల్లారకముందే ఐసు ఫ్యాక్టరీ సైరన్ ఏంటండీ? బీచ్‌లో చేపలు ఎండబెట్టడమేంటి? మన నివాసులం ప్రశాంతంగా ఉండక్కర్లేదా?”

తక్కిన నివాసులు బల్లలు చరిచారు. సైరన్ ఉదయం తొమ్మిదికి మార్చాలనీ, చేపలు ఎండబెట్టే పందిళ్లు తీసేయాలనీ తీర్మానం అయింది. తెల్లవారుజామున ఐసు లేకపోతే పడవలు వెళ్లవని నేను వెనకనుంచి అరిచాను.

“మీరు ఎన్నాళ్లుంటారు ఇక్కడ?” అని అడిగాడు ధనుంజయ్.

“ఎల్లుండి పదకొండింటి దాకా,” అన్నాను. చట్టప్రకారం నిజం అదే.

“మేం ఇక్కడివాళ్లం. మా ఊరి మంచిచెడ్డలు మమ్మల్ని చూసుకోనివ్వండి,” అన్నాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆయన కారెక్కి హైదరాబాదు వెళ్లిపోయాడు.

మా తేదీ వచ్చింది. సత్యవేణి తెల్లవారుజామునే తలస్నానం చేసి, గున్నమ్మ ఎక్కడినుంచో సంపాదించిన గేదెపాలు గిన్నెలో పోసింది. వంటింటి కిటికీకి గాలి చొరకుండా దుప్పటి మేకులు కొట్టి బిగించాను. లింగమూర్తి ఫారం పట్టుకుని పొయ్యికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఈసారి పొర్లకపోతే ‘విఫల ప్రవేశం’ అవుతుందనీ, అలాంటివాళ్లకి మూడు రోజుల వసతి కూడా ఉండదనీ, మర్నాడు పదకొండుకల్లా ఊరే వదిలిపోవాలనీ ముందే చదివి వినిపించాడు. సత్యవేణి రెండు చేతులూ జోడించి గిన్నెవైపే చూస్తోంది.

పాలు కదిలాయి. మీగడ ముడతపడింది. అంచుకి వచ్చాయి. సరిగ్గా అప్పుడు లింగమూర్తి ఫోన్ మోగింది. కమిషనర్ గారు. ఆయనతో మాట్లాడేటప్పుడు లింగమూర్తికి మున్సిపల్ ఆఫీసు ఉన్న దిక్కుకి తిరిగి అటెన్షన్‌లో నిలబడే అలవాటు ఉంది. తిరిగాడు. “సార్. ఎస్ సార్. పరిశీలనలోనే ఉన్నాను సార్,” అన్నాడు. అతని వీపు వెనక పాలు బుసబుసా పొర్లి, పొయ్యి ఆర్పి, గట్టుమీద నుంచి కారి నేలమీదికి దిగాయి.

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు.

“పొర్లిన ఆనవాళ్లు కలవు,” అన్నాడు చివరికి. “పొర్లుట మాత్రం కనబడలేదు.”

“మీ చెప్పుకిందే ఉన్నాయి కదండీ పాలు!” అన్నాను.

“ఉన్నాయండీ. కానీ గడిలో ‘కన్నులారా చూచితిని’ అని రాయాలి. చూడనిది చూశానని రాస్తే నా ఉద్యోగం ఏమవుతుంది చెప్పండి,” అన్నాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లతోనే ‘విఫలము’ అని రాశాడు.

సత్యవేణి నేలమీద పాలు తుడవడం మొదలుపెట్టింది. తుడిచినచోటే తుడుస్తోంది. ఖాళీ చేయాల్సిన ఇంటిని అంత శుభ్రంగా ఎందుకు తుడుస్తున్నావని అడగడానికి నాకు నోరు రాలేదు. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న గున్నమ్మ కొంగు బొడ్లో దోపి, “నడు బాబూ,” అంది.

మున్సిపల్ ఆఫీసులో కమిషనర్ గారి గదిలోకి అడక్కుండానే వెళ్లిపోయింది. నేనూ వెనకే. మా ఫారం ఇవ్వడానికి లింగమూర్తి అప్పటికే అక్కడ ఉన్నాడు.

“నాను ఒక్క మాట అడగడానికొచ్చినాను బాబూ,” అంది. “ఈ మేడలో పాలు పొంగించినారేటి?”

“ఏ మేడలో?” అన్నారు కమిషనర్ గారు.

“తవరు కూకున్నదే. ఈ మేడ కట్టినప్పుడు ఇటికలు మోసినదాన్ని నాను. ఎవులో పెద్దాయనొచ్చి రిబ్బను కత్తిరించినాడు. కొబ్బరికాయ కొట్టినారు. అందరికీ లడ్డూలు పంచినారు. పాలు మాత్రం పొంగించనేదు. నా కళ్లారా సూసినాను.”

హెడ్‌గుమాస్తా పరుగున వెళ్లి ప్రారంభోత్సవం ఫైలు తెచ్చాడు. రిబ్బను ఉంది, లడ్డూలు ఉన్నాయి. పాలు లేవు. ఆరోజు టీ పొంగిందని అటెండరు గుర్తు చేశాడు. పులుసుకి లేని మినహాయింపు టీకి ఇవ్వడం కుదరదని లింగమూర్తే అన్నాడు.

కమిషనర్ గారిలో ఒక గొప్ప గుణం ఉంది. ఆయన తన ఉత్తర్వుని తాను నమ్ముతారు. లేచి నిలబడి, కళ్లజోడు తీసి, “ఎట్టి మినహాయింపులు లేవని రాసినది నేనే,” అన్నారు. “ఈ కట్టడము విడిది. మనమందరము పర్యాటకులము. మూడు దినములు ఎప్పుడో మించిపోయినవి. లింగమూర్తీ, సీలు వేయుము.”

యాభైమంది ఉద్యోగులు టిఫిను క్యారేజీలతో మెట్లు దిగారు. లింగమూర్తి తలుపుకి తాళం వేసి, లక్క కరిగించి సీలు వేశాడు. వేశాక గుర్తొచ్చింది, గుండ్రటి ముద్ర లోపలే ఉండిపోయిందని. ముద్ర లేనిదే ఏ ఉత్తర్వూ చెల్లదు. మమ్మల్ని ఊరొదలమనే కాగితం కూడా లోపలే టేబుల్‌మీద ముద్ర పడకుండా పడి ఉంది. సత్యవేణికి ఈ సంగతి చెప్పడానికి నేను పరుగెత్తాను. తొమ్మిదేళ్లలో అంత వేగంగా నేను మా మేడ మెట్లెక్కలేదు.

ఆఫీసులో మళ్లీ ప్రవేశించాలంటే పాలు పొంగించాలి. సంస్థలకైతే అధికారి సరిపోడు, ఇద్దరు నివాసులు సాక్షులుగా ఉండాలి. ఆరోజు సోమవారం. నివాసులందరూ ఆదివారం మధ్యాహ్నమే గదులు ఖాళీ చేసి వెళ్లిపోయారు. కమిషనర్ గారి భార్యని పిలుద్దామంటే, ఆవిడ పాలు పొంగించింది ఉత్తర్వుకి ముందు, అధికారి లేకుండా. అదీ చెల్లదు. లింగమూర్తి సైకిలేసుకుని సాయంత్రందాకా నాలుగు వీధులూ తిరిగాడు. ఊళ్లో పద్దెనిమిది వేలమంది ఉన్నారు, నివాసి ఒక్కడూ లేడు. అతను నిజాయితీపరుడు కనుక పైకి రిపోర్టు పంపాడు: ‘గవ్వలరేవు పట్టణము. నివాసుల సంఖ్య: సున్న.’

రాజధాని నుంచి పదిహేను రోజుల్లో జవాబొచ్చింది. ‘నివాసులు లేని చోట మున్సిపాలిటీ కొనసాగించుట ప్రజాధనము దుర్వినియోగము. ఇందుమూలముగా రద్దుపరచడమైనది.’ ఊరు మళ్లీ పంచాయతీ అయింది. పంచాయతీ సెక్రటరీకి ఆరు ఊళ్లు చూసుకోవాలి, ఆయనకి ఎవరింట్లో ఏం పొంగిందో అడిగే తీరిక లేదు. సైరన్ మళ్లీ తెల్లవారుజామున నాలుక్కి మోగింది. పడవలు వెళ్లాయి. గున్నమ్మ పందిళ్లు వేసుకుంది.

ఆపై వారం ఒక సాయంత్రం మా వీధిలో సామానుతో ట్రక్కు ఆగింది. కమిషనర్ గారు, ఆయన భార్య దిగారు. పదవి రద్దయింది కనుక క్వార్టర్సు ఖాళీ చేయమన్నారట. కొత్త పోస్టింగు రాలేదు. ఊళ్లో ఇల్లు అడిగితే ఎవరూ ఇవ్వలేదు. కొందరు మూడు రోజులకైతే ఇస్తామన్నారట.

“అమ్మా, ముందు వాటా ఖాళీగా ఉందని విన్నాను,” అన్నారు గేటు బయటే నిలబడి. వ్యావహారిక భాషలో ఆయన మాట్లాడగా వినడం నాకదే మొదలు.

నేను పిట్టగోడమీద మోచేతులు ఆన్చి, గున్నమ్మ ఏమంటుందో విందామని మహదానందంగా ఎదురుచూశాను. అబద్ధమెందుకు, నాలుగు మంచి తిట్లు వినబడతాయనే ఆశపడ్డాను. గున్నమ్మ ఆయన్ని చూసింది, ట్రక్కుమీద ఎక్కి కూర్చున్న మంచాన్ని చూసింది, ఆయన పక్కన పాల గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆవిణ్ణి చూసింది. మొలలోంచి తాళంచెవి తీసింది.

గ్యాసు కనెక్షన్ మారలేదు కనుక మా చిన్న స్టవ్వు సత్యవేణి కిందికి పట్టుకెళ్లింది. ముందు వాటా వంటింటి కిటికీ కూడా సముద్రంవైపే. కమిషనర్ గారి భార్య గిన్నె పెట్టింది. కమిషనర్ గారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డారు. పాలు కదిలాయి, మీగడ ముడతపడింది, సరిగ్గా అంచుదాకా వచ్చాయి. కిటికీలోంచి గాలి కొట్టింది. మంట ఆరిపోయింది. పాలు మెల్లగా గిన్నెలోకి దిగిపోయాయి.

ఆవిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. కమిషనర్ గారి చెయ్యి అలవాటుగా జేబులో కలంకోసం వెతికి, ఆగిపోయింది. తలెత్తి మా అందరి మొహాలూ చూడలేక గిన్నెలోకే చూస్తూ ఉండిపోయారు.

“సాల్లే అమ్మా,” అంది గున్నమ్మ. “అంచుదాకా వచ్చినాయి గదా. సామాను లోపలెట్టుకోండి.”

ట్రంకుపెట్టె ఒక కొస ఆయన పట్టుకున్నారు, రెండో కొస నేను పట్టుకున్నాను. గుమ్మం దాటబోతూ ఆయన ఆగి, “ఎన్నాళ్లు ఉండవచ్చునమ్మా?” అని అడిగారు.

గున్నమ్మకి ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

“ఉన్నన్నాళ్లూ ఉండండి బాబూ,” అంది.